పాత మియాటాకి పెట్టిన డబ్బు

శ్రోతలందరికీ నమస్కారం.

మీ కారు టైరు పక్కన, రబ్బరు మీద చిన్న అక్షరాల్లో ఒక కోడ్ ఉంటుంది. దాని చివరి నాలుగు అంకెలు చూడండి. మొదటి రెండూ వారం, తర్వాతి రెండూ సంవత్సరం. 2319 అని ఉంటే ఆ టైరు 2019లో 23వ వారంలో తయారైందని అర్థం. ఒక పక్క కనిపించకపోతే చక్రం లోపలి వైపు వెతకాలి.

నేను పాత స్పోర్ట్స్ కారు కొన్నప్పుడు ఈ సంగతి నాకు తెలియదు. టైర్లలో గాడులు లోతుగానే ఉన్నాయి, కొత్తవాటిలాగే మెరుస్తున్నాయి. కొన్న రెండో నెలలో, వాన పడి ఆగిన సాయంత్రం, హైవే దిగే వంపులో కారు వెనక భాగం ఒక్కసారిగా పక్కకి జారిపోయింది. కారు సగం తిరిగి గడ్డిలో ఆగింది. నాకు దెబ్బ తగల్లేదు, ఎదురుగా ఎవరూ లేరు. ఇంటికొచ్చి టార్చి లైటుతో టైర్లు చూశాను. వాటి వయసు పదకొండేళ్లు. రబ్బరు పైకి బాగానే ఉన్నా ఎండి గట్టిపడిపోయింది.

బాధ ఎక్కడంటే, ఆ టైర్లను అలాగే ఉంచి అంతకు ముందు వారమే కారు వెనక కొత్త మఫ్లర్, అంటే సైలెన్సర్, పెట్టించాను. దానికి నాకైన ఖర్చుతో నాలుగు మంచి టైర్లు వచ్చేవి. పాత కారుని తక్కువ డబ్బుతో చురుగ్గా నడిచేలా చెయ్యాలనుకునే వాళ్లకి, ముఖ్యంగా కుర్రవాళ్లకి, ఏ పని ముందు చెయ్యాలో ఏది తర్వాతో చెప్పాలని అప్పటినుంచీ నా మనసులో ఉంది.

నాది 1992 నాటి మాజ్డా మియాటా. మిషిగన్‌లో ఉంటాను, అక్కడే కొన్నాను. ఇండియాలో ఈ కారు చూసినవాళ్లు తక్కువ కాబట్టి కాస్త చెబుతాను. రెండే సీట్లు, పైకప్పు చేత్తో వెనక్కి మడిచేయొచ్చు. ఇంజన్ ముందు, శక్తి వెనక చక్రాలకి. 1989 ఫిబ్రవరిలో షికాగో ఆటో షోలో మొదటిసారి చూపించారు. అమెరికాలో ధర 13,800 డాలర్ల దగ్గర మొదలైంది. స్పోర్ట్స్ కారంటే డబ్బున్నవాళ్ల వస్తువనుకునే రోజుల్లో, బడిపంతులు కూడా కొనుక్కోగలిగిన కారు ఇది. 2016 ఏప్రిల్‌లో పది లక్షలవ కారు తయారైంది.

దీని ఇంజన్ 1.6 లీటర్లు, 116 హార్స్‌పవర్. ఇవాళ్టి లెక్కల్లో అది పెద్ద శక్తి కాదు. కానీ కారు బరువు టన్నుకి కాస్త తక్కువ, ఇంచుమించు మన ఊళ్లలో తిరిగే స్విఫ్ట్ అంత. నాలుగు చక్రాలకీ డబుల్ విష్‌బోన్ సస్పెన్షన్, అంటే ఒక్కో చక్రాన్ని పైనా కిందా రెండు చేతులు పట్టుకుని ఉంటాయి. కారు ఒరిగినా టైరు రోడ్డుని సరిగ్గా తొక్కేలా చూడటం వాటి పని. దీన్ని రూపొందించిన జపాన్ ఇంజనీర్లు 'జిన్బా ఇత్తాయ్' అనే మాట పెట్టుకుని పనిచేశారు. గుర్రమూ రౌతూ ఒకే ఒళ్లుగా ఉండటం అని దాని భావం.

ముప్ఫై ఏళ్లు దాటేసరికి ఆ గుర్రానికి కీళ్లనొప్పులు వచ్చేశాయి. సస్పెన్షన్ చేతులు కదిలే ప్రతి చోటా రబ్బరు బుష్‌లుంటాయి. అవి పగిలి, నలిగి, వదులైపోతాయి. షాక్ అబ్జార్బర్లలో నూనె కారిపోతుంది. అప్పుడు స్టీరింగ్ తిప్పిన క్షణానికీ కారు తిరిగిన క్షణానికీ మధ్య చిన్న ఆలస్యం చేరుతుంది. కొత్తగా కొన్నవాళ్లు దాన్ని చూసి పాత కారు ఇంతేననుకుంటారు, ఇంజన్‌కి ఏదో ఒకటి తగిలించాలని చూస్తారు. నేనూ అలాగే అనుకున్నాను.

టైర్ల తర్వాత నేను చేయించింది వీల్ అలైన్‌మెంట్. వంద డాలర్ల పని. నేను పెట్టిన డబ్బు మొత్తంలో ఇంత ఫలితం ఇచ్చింది మరొకటి లేదని గట్టిగా చెప్పగలను. మియాటాలో కింది చేతుల దగ్గర, తిప్పితే ఆ చేతిని కొద్దిగా లోపలికో బయటికో జరిపే బోల్టులుంటాయి. వాటితో చక్రం నిలువు వాలునీ, ముందువెనకల వాలునీ సర్దొచ్చు. ఇప్పటి మామూలు కార్లలో చాలావాటికి ఇంత వెసులుబాటు ఉండదు. నేను ముందు చక్రాల పైభాగం ఒక డిగ్రీ, వెనక చక్రాలది ఒకటిన్నర డిగ్రీ లోపలికి వాలేలా పెట్టించాను. వంపులో కారు ఒరిగినప్పుడు టైరు అంచు మీద కాకుండా పూర్తి వెడల్పుతో రోడ్డుని పట్టుకుంటుంది. ఒక చిక్కుంది. మంచు ప్రాంతాల్లో శీతాకాలం రోడ్లమీద ఉప్పు చల్లుతారు. దానికి ఈ బోల్టులు తుప్పు పట్టి బిగుసుకుపోతాయి. వారం ముందునుంచే వాటికి తుప్పు వదిలే నూనె పట్టించి తీసుకెళ్లాలి.

ఇక బ్రేకులు. బ్రేక్ ఆయిల్ గాలిలో తేమని పీల్చుకుంటుంది. డాట్ 4 రకం ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల సెల్సియస్ దాకా మరగకూడదు. తేమ చేరాక ఆ హద్దు 155కి పడిపోతుంది. ఘాటు రోడ్డు దిగేటప్పుడు వరసగా బ్రేకులు వేస్తే ఆ వేడికి ఆయిల్ మరిగి, పైపుల్లో ఆవిరి చేరి, పెడల్ మెత్తగా నేలకి దిగిపోతుంది. రెండేళ్లకోసారి ఆ ఆయిల్ మార్చడానికి అయ్యే ఖర్చు చాలా తక్కువ. శ్రీశైలం ఘాటు దిగే మామూలు కారుకీ ఈ మాట వర్తిస్తుంది. దయచేసి వాయిదా వెయ్యకండి. ఆయిల్‌తో పాటు కాస్త మంచి ప్యాడ్లు వేస్తే ఈ బరువున్న కారుకి చాలు, పెద్ద డిస్కులు అక్కర్లేదు.

షాక్ అబ్జార్బర్ల దగ్గర నాకు నిజంగా కోపం తెప్పించే పద్ధతి ఒకటుంది. కారు నేలకి దగ్గరగా కనిపించాలని స్ప్రింగులు కోయిస్తారు. అమెరికాలోనూ చూశాను, హైదరాబాద్‌లోనూ చూశాను. మియాటా సస్పెన్షన్ పైకీ కిందికీ కదలడానికి ఉన్న చోటే తక్కువ. స్ప్రింగు కోస్తే కారు బంప్ స్టాప్ అనే రబ్బరు ముక్క మీద కూర్చుండిపోతుంది. ఆ తర్వాత ప్రతి గతుక్కీ చక్రం ఎగురుతుంది. గాలిలో ఉన్న టైరుకి పట్టు ఉండదు. ఇంజనీర్లు ఏళ్ల తరబడి కష్టపడి సాధించిన దాన్ని ఒక్క కోతతో పాడుచెయ్యడం ఇది. స్ప్రింగులు అలాగే ఉంచి, మంచి రకం కొత్త షాకులు వెయ్యండి. డబ్బు ఒక్కసారి సరిపోకపోతే ఆరు నెలలు ఆగండి. బుష్‌లకి పాలీయూరితేన్ వెయ్యమని చాలామంది చెబుతారు. అవి గట్టిగా ఉంటాయి కానీ గ్రీజు ఆరితే కిర్రుమంటాయి. రోజూ నడిపే కారుకి కొత్త రబ్బరు బుష్‌లే మంచివని నా అభిప్రాయం.

చక్రాల గురించి ఒక్క మాట. పెద్దవి అందంగా ఉంటాయని పదిహేడు అంగుళాలవి వేస్తే బరువు పెరిగి ఈ చిన్న ఇంజన్ ఆయాసపడుతుంది. పదిహేను దాటకపోవడం మంచిది.

మరి ఇంజన్ సంగతి? ముందు దాని ఆరోగ్యం. వాల్వులు సరైన వేళకి తెరుచుకునేలా చూసే టైమింగ్ బెల్ట్‌ని 60 వేల మైళ్లకి, అంటే దాదాపు 96 వేల కిలోమీటర్లకి మార్చాలి. ఈ ఇంజన్‌లో బెల్ట్ తెగినా వాల్వులు పిస్టన్లకి తగలవు, అదొక అదృష్టం. అయినా నడిరోడ్డు మీద ఆగిపోతాం కదా. 1991 మొదటి నెలల దాకా వచ్చిన ఇంజన్లలో క్రాంక్ షాఫ్ట్, అంటే పిస్టన్లు తిప్పే ఇరుసు, ముందు కొన పొట్టిగా ఉంటుంది. బెల్ట్ మార్చేటప్పుడు అక్కడి బోల్టు సరిగ్గా బిగించకపోతే షాఫ్ట్ పాడవుతుంది. ఆ కాలం కారు కొనేవాళ్లు ఇంజన్ ఆన్ చేసి, ముందున్న పుల్లీ ఊగుతోందేమో చూసి కొనండి.

పైసా ఖర్చులేని మార్పు ఒకటుంది. స్పార్క్ ప్లగ్ ఎప్పుడు నిప్పు వెయ్యాలనేది కంపెనీ, పిస్టన్ పైకొసకి చేరడానికి 10 డిగ్రీల ముందు ఉండేలా పెడుతుంది. ఇంజన్ వెనక కొసన ఉండే సెన్సర్‌ని కొద్దిగా తిప్పి, టైమింగ్ లైటుతో చూస్తూ దాన్ని 14 దాకా ముందుకి జరుపుతారు. తక్కువ ఆర్‌పీఎంలో కారు కాస్త హుషారుగా లాగుతుంది. మామూలు పెట్రోలుతో ఇంజన్‌లో టకటకమని చప్పుడొస్తే ప్రీమియం పెట్రోలు పోయించాలి, లేదా వెనక్కి జరపాలి. ఎయిర్ ఫిల్టర్, మఫ్లర్ లాంటివన్నీ కలిపినా పెరిగే హార్స్‌పవర్ వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. చప్పుడు పెరిగితే వేగం పెరిగినట్టే అనిపిస్తుంది. ఆ అనుభూతికి నేను డబ్బు కట్టాను.

ఇంజన్‌లోకి గాలిని బలంగా నెట్టి శక్తి పెంచే టర్బో గురించి అడుగుతారు. పెట్టొచ్చు, పెట్టినవాళ్లు వేలమంది ఉన్నారు. కానీ దాని వెంట ఏమొస్తాయో చూడండి. ఈ ఇంజన్ అసలు మాజ్డా 323 అనే ముందు చక్రాల కారు కుటుంబంలోది. అందులో అడ్డంగా ఉండేది, మియాటాలో నిలువుగా తిప్పి కూర్చోబెట్టారు. ఇంజన్‌ని చల్లబరిచే నీళ్లు వెళ్లే దారీ వచ్చే దారీ రెండూ ముందు వైపే మిగిలాయి. అందువల్ల వెనకనున్న నాలుగో సిలిండర్ దాకా చల్లదనం సరిగ్గా చేరదు. మామూలు శక్తికి ఇబ్బంది లేదు. టర్బో పెడితే ఆ నీళ్ల దారి మార్చాలి, రేడియేటర్ పెద్దది కావాలి, క్లచ్ జారుతుంది, వెనక చక్రాలకి శక్తి పంచే డిఫరెన్షియల్ 1.6 కార్లలో చిన్నది కాబట్టి పళ్లు విరుగుతాయి, ఇంజన్ కంప్యూటర్ మార్చాలి. కారు ధరకి రెట్టింపు డబ్బు అలా వెళ్లిపోతుంది. మాజ్డా వాళ్లే 1994లో 1.8 లీటర్ల ఇంజన్ పెట్టినప్పుడు దాంతోపాటు బ్రేకులూ డిఫరెన్షియల్ కూడా పెద్దవి చేశారు. శక్తి కావాలంటే ఆ కాలం కారు వెతికి కొనుక్కోవడం చవక.

నా కారు అన్నిటికన్నా ఎక్కువ మారింది ఖాళీ పార్కింగ్ స్థలంలో. అమెరికాలో ఆటోక్రాస్ అనే పోటీలు జరుగుతాయి. ప్లాస్టిక్ కోన్లతో మెలికల దారి వేస్తారు. హెల్మెట్ పెట్టుకుని, ఒకరి తర్వాత ఒకరు గడియారంతో పోటీ పడతారు. ఎక్కువగా రెండో గేరులోనే పని. నేను మొదటిరోజు నడిపాక, అక్కడ నేర్పే ఒక పెద్దాయన నా అనుమతితో నా కారే తీసుకున్నారు. అవే టైర్లు, అదే ఇంజన్. నాకన్నా నాలుగు సెకన్లు ముందు వచ్చారు. నేను వంపు మధ్యలో బ్రేక్ వేస్తున్నానని, బరువంతా ముందుకి పోయి వెనక చక్రాలు తేలికైపోతున్నాయని చెప్పారు. వంపుకి ముందే బ్రేక్ ముగించి, కన్ను తర్వాతి కోను మీద పెట్టమన్నారు. హైవే వంపులో ఆ రోజు ఏం జరిగిందో నాకు అప్పుడు పూర్తిగా అర్థమైంది. టైర్లతోపాటు నా కాలు కూడా తప్పు చేసింది. భయంతో యాక్సిలరేటర్ మీంచి ఒక్కసారిగా కాలు తీసేశాను.

హైదరాబాద్‌లో, విజయవాడలో పాత కార్లని ప్రేమగా చూసుకునే వాళ్లు చాలామందే ఉన్నారు. 2000 ప్రాంతంలో వచ్చిన హోండా సిటీ వీటెక్, 106 హార్స్‌పవర్‌ది, ఇప్పటికీ కడిగి తుడిచి ఉంచుకున్నవాళ్లు నాకు తెలుసు. వాళ్లకి చట్టం సంగతి కూడా చెప్పాలి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, కంపెనీ నమోదు చేసిన వివరాలకి భిన్నంగా బండిని మార్చకూడదని సుప్రీంకోర్టు 2019 జనవరిలో స్పష్టంగా చెప్పింది. అమెరికాలో కూడా పొగ శుభ్రంచేసే కెటలిటిక్ కన్వర్టర్ తీసేయడం చట్టవిరుద్ధం. నేను పైన చెప్పిన మంచి టైర్లు, బ్రేక్ ఆయిల్, కొత్త బుష్‌లు, అలైన్‌మెంట్, వీటిలో దేనికీ ఎక్కడా ఆంక్ష లేదు. బండి కంపెనీలోంచి వచ్చిన రోజు ఎలా ఉందో అలా అవుతుంది, అంతే.

మా అమ్మాయికి పదహారు నిండాయి. ఈ కారులోనే గేర్లు నేర్చుకుంటోంది. ఏబీఎస్ లేని కారు కదా అని మా ఆవిడ టెన్షన్ పడుతుంది. అందుకే మొదటి పాఠాలు రోడ్డు మీద కాకుండా కోన్ల మధ్యే చెప్పిస్తున్నాను. బండి నడపకముందు చేసే పని కూడా తనకే అప్పగించాను. పైకప్పు మీద పడ్డ వాన నీళ్లు సీట్ల వెనక రెండు సన్నటి గొట్టాల్లోంచి కిందికి పోతాయి. ఆకులు అడ్డుపడితే ఆ నీళ్లు తలుపు కింది రేకులోనే నిలిచి లోపలినుంచి తుప్పు పట్టిస్తాయి. ప్రతి ఆదివారం తను ఒక చెంబుడు నీళ్లు పైనుంచి పోస్తుంది, నేను కింద వంగి చూస్తాను. వెనక చక్రం ముందు నీళ్లు ధారగా పడితే బయలుదేరతాం. పడకపోతే ఆ రోజు గొట్టం శుభ్రం చేసుకోవడమే పని.

సెలవు. నమస్కారం.