హారన్ ఫ్యూజు ఊరికే పోదు (బోటు వాళ్ళ కోసం)

అన్నా, ముందు ఒక మాట. హారన్ ఫ్యూజు రెండుసార్లు పోయిందంటే చాలు, రేవులో ఎవరో ఒకరు ‘పది ఆంప్స్‌ది తీసేసి ముప్పైది వెయ్, ఇంక పోదు’ అంటారు. కొత్తపట్నంలోనూ విన్నాను, జువ్వలదిన్నెలోనూ విన్నాను, విన్న ప్రతిసారీ కడుపు మండుతుంది. నిజమే, ఫ్యూజు పోదు. వైరు కాలుతుంది. ఆ వైరు పక్కనే పెట్రోలు డబ్బా ఉంటుంది.

ఫ్యూజు ఉన్నది హారన్ కోసం కాదు, వైరు కోసం. మన చెరువు కలుజే తీసుకోండి. నీళ్ళు ఎక్కువైతే కట్ట తెగకుండా కలుజు మీదుగా పోతాయి. ఇంకాస్త నీరు ఆగుతుందని దాని మీద ఇసుక బస్తాలు పేరిస్తే కట్టకి గండి పడుతుంది, ఎక్కడ పడుతుందో ఎవరికీ తెలియదు. పెద్ద ఫ్యూజు అంటే ఆ బస్తాలే. ఫ్యూజుకి సిగరెట్ పెట్టెలో రేకు చుట్టడమంటే ఏకంగా కలుజుని సిమెంటుతో మూసేసినట్టు. దయచేసి ఆ పని చేయొద్దు.

(ఫ్యూజులు చూపిస్తూ) ఎర్రది 10 ఆంప్స్, నీలం 15, పసుపు 20, ఆకుపచ్చ 30. మామూలు 12 వోల్టుల డిస్క్ హారన్ 4, 5 ఆంప్స్ తీసుకుంటుంది, ఎర్రది చాలు. కంప్రెసర్ హారన్ అయితే 15, 20 దాకా లాగుతుంది, దానికి వైరు కూడా లావుగా ఉండాలి. కట్ట బలాన్ని బట్టే కదా కలుజు ఎత్తు!

సరే, ఫ్యూజు ఎప్పుడు పోతోంది? ఇది చూడకుండానే అంతా విప్పేస్తారు. బటన్ ప్లస్ వైరు మీద ఉన్న బోట్లలో, ఫ్యూజు పెట్టగానే పోతే తప్పు బటన్‌కి ఇవతల, అంటే ఫ్యూజు వైపు, నొక్కినప్పుడే పోతే అవతల వైరులోనో హారన్‌లోనో ఉంటుంది.

ఇంకో ఫ్యూజు తగలేయకండి. ఫ్యూజు ఉండే చోట 21 వాట్ల ఇండికేటర్ బల్బు తగిలించండి. షార్ట్ ఉన్నా రెండు ఆంప్స్ కూడా పోవు, ఏదీ కాలదు. ఇప్పుడు హారన్ దగ్గర రెండు వైర్లూ విప్పి, అవి ఒకదానికొకటి తగలకుండా పెట్టి, బటన్ నొక్కండి. బల్బు వెలిగితే షార్ట్ వైరులోనే, వైరు కదిలిస్తూ పోండి, బల్బు ఎక్కడ మినుకుమంటే అక్కడ చూడండి. వెలగకపోతే హారన్‌ని అనుమానించాలి. నాకు ఈ పద్ధతి ఎంత ఇష్టమో చెప్పలేను, మీటర్ లేని వాడు కూడా చేసుకోవచ్చు.

బైక్ మెకానిక్‌ని తీసుకొస్తే ‘బాడీ షార్ట్’ అని వెతుకుతాడు, బైకులో మైనస్‌కి ఇనప బాడీయే దారి కాబట్టి. ఫైబర్ బోటులో బాడీకి కరెంటు పోదన్నా! మైనస్ కూడా వైరులోనే బ్యాటరీకి తిరిగి రావాలి. అందుకే ప్లస్, మైనస్ రెండూ కలిసి రాసుకుపోయే చోట, అడుగున నీళ్ళు నిలిచే చోట ఉన్న జాయింట్లు ముందు చూడండి.

హారన్ లోపల అయస్కాంతం రేకుని లాగుతుంది, లాగగానే పాయింట్లు (కరెంటు కలిపే మొనలు) విడిపోతాయి, రేకు వెనక్కి వస్తుంది, మళ్ళీ లాగుతుంది. ఉప్పు గాలికి రేకు తుప్పుపట్టి బిగుసుకుంటే పాయింట్లు విడిపోవు, కరెంటు ఆగకుండా పారుతూనే ఉంటుంది, ఫ్యూజు పోతుంది. హారన్ నోరు పైకి పెట్టిన బోట్లలో నీళ్ళు లోపలే నిలిచి ఇది తొందరగా వస్తుంది. కిందికి వంచండి.

టైం అయిపోతోంది, మిగతాది గబగబా. ఫ్యూజు బాగానే ఉండి హారన్ గొంతు పోయిందా? బటన్ నొక్కి ఉంచి హారన్ దగ్గర వోల్టులు చూడండి, నొక్కకుండా చూస్తే ఏమీ తెలియదు. బ్యాటరీ దగ్గర 12.5 ఉండి ఇక్కడ 9 ఉంటే తేడా అంతా దారిలో చిలుము పట్టిన జాయింట్లు తినేస్తున్నాయి. ముందు బ్యాటరీ దగ్గర వైరు విప్పేసి, చిలుము పట్టిన వైరుని రాగి మెరిసే దాకా కత్తిరించి, తగరం పూత ఉన్న వైరు వేయండి, మెలిపెట్టి టేపు చుట్టకండి. ఫ్యూజు బ్యాటరీ ప్లస్‌కి జానెడు లోపే ఉండాలి. కలుజు కట్ట మీదే ఉంటుంది కానీ పొలాల్లో కాదు కదా.

అంతా బిగించాక ఒక పొడుగు, రెండు పొట్టి కూతలు ఇచ్చి చూడండి. మంచులో వల వేసి ఉన్న బోటు రెండు నిమిషాలకు మించకుండా ఇవ్వాల్సిన సిగ్నల్ ఇదే, కృష్ణపట్నం ఓడల దారి దగ్గర వేటాడేవాళ్ళకి మరీ ముఖ్యం. పొడుగు కూత 4 నుంచి 6 సెకన్లు ఉండాలి. ఆ ఆరు సెకన్లు నొక్కిపట్టినా ఎర్ర ఫ్యూజు నిలబడిందంటే పని అయినట్టే.