పుంజానికి గండి పడితే

శ్రోతలకు నమస్కారం. మన కడప జిల్లా తుమ్మలపల్లెలో యురేనియం గని ఉంది గదా. అదే లోహపు అయాన్లను, అంటే విద్యుదావేశమున్న పరమాణువులను, పరుగు పెట్టించే యంత్రమొకటి అమెరికాలోని మిషిగన్ స్టేట్ యూనివర్సిటీలో 2022 మేలో మొదలైంది. పేరు ఎఫ్‌రిబ్. 10 మీటర్ల లోతు సొరంగంలో, పేపర్ క్లిప్పులా మడిచిన దారిలో, యురేనియం అయాన్లు పుంజంగా, అంటే సన్నటి ధారగా సాగి, కాంతి వేగంలో సగం దాటుతాయి. చివర గ్రాఫైట్ చక్రాన్ని ఢీకొని, భూమ్మీద దొరకని అరుదైన ఐసోటోపులుగా, అంటే మూలకాల వేరే బరువు రూపాలుగా పగులుతాయి. బంగారం లాంటి బరువైన మూలకాలు నక్షత్రాల్లో ఎట్లా పుట్టాయో వాటివల్ల తెలుసుకోవచ్చు.

అయాన్లను తోసేవి నయోబియం అనే లోహంతో చేసిన బోలు గుల్లలు. వాటిలో రేడియో తరంగాలుంటాయి, ఇప్పుడు నా మాటను మీ ఇంటికి మోసుకొస్తున్న జాతివే. ఉయ్యాల ఊపినట్టు సరైన క్షణంలో తోయాలి. ఆ గుల్లలను ద్రవ హీలియంతో మైనస్ 271 డిగ్రీలకు చల్లబరుస్తారు. కడప ఎండల్లో కూర్చుని ఈ అంకె చదివితే నమ్మబుద్ధి కాదు లెండి.

పుంజం డిజైన్ శక్తి 400 కిలోవాట్లు. 5 హెచ్‌పీ బోరు మోటార్లు నూటికి పైగా ఒక్కసారి ఆడినంత. అదంతా ఒక మిల్లీమీటరు చోట పడుతుంది, అందుకే ఆ చక్రం ఆగకుండా తిరుగుతుంటుంది. ఆ శక్తిని ఒక్కసారిగా కాదు, 1 కిలోవాటుతో మొదలుపెట్టి మెల్లగా పెంచుకుంటూ వచ్చారు. ఆ ఓపిక నాకు నచ్చింది.

అయితే అసలు పని కాపలాది. ప్రోటాన్లనే తేలికైన కణాలను నడిపే యంత్రాల్లో అవి దారి తప్పితే గోడకు తగిలి రేడియేషన్ చిమ్ముతాయి, బయటి పరికరం పసిగడుతుంది. బరువైన అయాన్లు అట్లా కాదు. వేగం తక్కువగా ఉన్నచోట చడీచప్పుడు లేకుండా తగిలి, వేడినంతా పైపు పైపొరలోనే దింపుతాయి. పట్టుకోకపోతే పైపుకే చేటు. అందుకని లెక్క చూస్తారు: ఇక్కడ ఎంత పుంజం దాటింది, అక్కడికి ఎంత చేరింది? తూములో వదిలిన నీళ్లు చివరి మడికి తక్కువ చేరాయంటే మధ్యలో గండి పడినట్టే గదా! అంచుకు జరిగిన అయాన్లను పట్టే ఉంగరాలు, వేడి కొలిచే పరికరాలు కూడా దారి పొడవునా ఉంటాయి.

గండి తెలిసి, పుంజం ఆగడానికి ఉన్న గడువు 35 మైక్రోసెకన్లు. సెకనును పది లక్షల ముక్కలు చేస్తే అందులో 35. మన రెప్పపాటుకు అంతకు వేల రెట్లు పడుతుంది. ఆపేది కూడా గండి దగ్గర కాదు, తూము దగ్గరే, అంటే అయాన్లు బయలుదేరే చోటే. అప్పటికే దారిలో ఉన్నవి మాత్రం సాగిపోవలసిందే. ఆ కాలం కూడా 35లో కలిపే లెక్కకట్టారు.