శాలువా కప్పే ముందు

అందరికీ నమస్కారం, ఉగాది శుభాకాంక్షలు. వేదిక మీద పెద్దలందరి పేర్లూ చదవమని చీటీ ఇచ్చారు. చదివితే పులిహోర చల్లారిపోతుంది. పెద్దలు మన్నించాలి.

ఆ శాలువా ఇప్పుడే కప్పకండి సెక్రటరీ గారూ. నా మాటలయ్యాక కూడా కప్పాలనిపిస్తే చూద్దాం.

కిందటి అక్టోబరులో ఇంజిన్ ఆగిన విమానాన్ని ఒహాయో సోయా చేలో దించానని నన్ను పిలిచారు. ఆ కథ వాట్సాప్‌లో బాగా ఒళ్లు చేసింది. ఒక మెసేజ్‌లో హైవే మీద కార్ల మధ్య దించాను, ఇంకోదాంట్లో నదిలో దించాను. నదిలో దించింది పైలట్ సల్లెన్‌బర్గర్ అండీ. 2009 జనవరి 15న, న్యూయార్క్‌లో, హడ్సన్ నది మీద. 155 మందీ బతికారు. ఆయన ఇంజిన్లలో పక్షులు దూరాయి. నా ఇంజిన్‌లో దూరిందేమిటో చివర్న చెబుతాను.

నాది 1970ల నాటి సెస్నా 172, ఒకే ఇంజిన్ ఉన్న చిన్న విమానం. పక్క సీట్లో మా బావమరిది. అదుగో, రెండో వరసలో నవ్వుతున్నాడు, వాట్సాప్ కథకుడు వాడే. నేల నుంచి 2,500 అడుగుల ఎత్తులో ఉన్నాం. ఇంజిన్ దగ్గింది, వణికింది, ఆగింది. ఫ్యాను మాత్రం గాలికి ఊరికే తిరుగుతోంది. ఈలలాంటి చప్పుడు తప్ప ఇంకేం లేదు.

ఇంజిన్ ఆగితే విమానం రాయిలా పడిపోతుందని చాలామంది అనుకుంటారు. పడదు. ముక్కు కాస్త దించి 65 నాట్ల వేగం, అంటే గంటకు 120 కిలోమీటర్లు పట్టుకుంటే, ప్రతి వెయ్యి అడుగులకూ రెండున్నర కిలోమీటర్లకు పైగా జారుతుంది. నా చేతిలో మూడున్నర నిమిషాలున్నాయి. మా ఇన్‌స్ట్రక్టర్ పాఠం మధ్యలో చెప్పాపెట్టకుండా థ్రాటిల్ లాగేసి, ఇంజిన్ జోరు తగ్గించేసి "ఇప్పుడెక్కడ దిగుతావ్?" అనేవాడు. గంటకింతని డబ్బులు కడుతుంటే ఈ పరీక్షలేమిటని లోపల తిట్టుకునేవాణ్ణి. ఆరోజు చెయ్యి దానంతటదే కదిలిందంటే ఆయన చలవే.

ఎయిర్‌పోర్టు కనిపిస్తోంది. అందదు. అందేలా కనిపించేదాని కోసం ముక్కు ఎత్తి, వేగం పోగొట్టుకుని పడిపోయినవాళ్లు చాలామంది ఉన్నారు. అందుకని చేల వైపు చూశాను. పచ్చగా, నున్నగా ఒక మైదానం ఉంది గానీ పక్కనే కరెంటు స్తంభాలు. పైనుంచి తీగలు కనపడవు, స్తంభాలు చూసి ఊహించుకోవాలి. రెండోది మొక్కజొన్న కోసిన చేను, కొయ్యకాళ్లు గట్టివి. మూడోది సోయా.

మా నాన్న తెనాలి దగ్గర రైతు. చాలు వంకర పోతే నాగలి లాక్కునేవారు. చదువుకుని అమెరికా వెళ్లేవాడికి చాళ్లతో ఏం పనని అప్పట్లో ఎదురు చెప్పాను. చాళ్లకు అడ్డంగా దిగితే ముందు చక్రం గుచ్చుకుని విమానం బోర్లా పడుతుంది. చాలు వెంబడే దిగాలి. ఒక ఇంటి ముందు జెండా చూసి గాలి వాటం పట్టుకున్నాను. అదృష్టం, గాలికి ఎదురుగా చాళ్లు.

రేడియోలో మేడే, అంటే ప్రమాదంలో ఉన్నామని, చెప్పాను. పెట్రోలు కట్టేశాను, ఇగ్నిషన్ తీసేశాను. బావమరిదితో "తలుపు తెరువు" అన్నాను. "దూకమంటావా బావా?" అన్నాడు. నేల తగిలినప్పుడు చట్రం వంగితే తలుపు బిగుసుకుపోతుందని, అందుకే ముందే తెరవాలని ఎక్కించుకునేటప్పుడే చెప్పాల్సింది. చెప్పలేదు. అది నా మొదటి తప్పు. నెమ్మదిగా దిగడానికి రెక్కల వెనక ఉండే ఫ్లాప్స్ పూర్తిగా దించి, కరెంటంతా పోయేలా మాస్టర్ స్విచ్ ఆపాను. దిగాం. చక్రాల నిండా బురద, ఇంకేం కాలేదు.

చప్పట్లు వద్దండీ, ఆగండి.

మర్నాడు మెకానిక్ వచ్చి అంతా చూసి తాళం తిప్పాడు. మొదటి తిప్పుకే ఇంజిన్ అందుకుంది. నా వంక చూశాడు. "నిన్న ఫెయిలైంది" అన్నాను.

నిన్న దాంట్లో దూరింది ఐసు. పాత స్కూటర్ నడిపినవాళ్లకి కార్బ్యురేటర్ తెలుసు, పెట్రోలునీ గాలినీ కలిపి ఇంజిన్‌కి పంపేది. దాంట్లో పెట్రోలు ఆవిరవుతూ వేడిని పీల్చేస్తుంది, మట్టికుండలో నీళ్లు చల్లబడ్డట్టు. లోపల 20 డిగ్రీలకు పైగా పడిపోవచ్చు. ఆరోజు బయట 12 డిగ్రీలు, గాలి నిండా తేమ. లోపల ఐసు కట్టి గొంతు మూసుకుపోయింది. తర్వాత కరిగిపోయింది, సాక్ష్యం లేదు.

దీనికి మందు కార్బ్ హీట్ అనే నాబ్. లాగితే ఎగ్జాస్ట్ దగ్గర వేడెక్కిన గాలి లోపలికొస్తుంది. ఐసు కరిగి ఆ నీళ్లు ఇంజిన్‌లోకి పోతుంటే కాసేపు ఇంకా ఘోరంగా దగ్గుతుంది. అప్పుడు ఓర్చుకోవాలి. ఈ హాల్లో విమానం నేర్చుకుంటున్న పిల్లలున్నారు, వింటున్నారా? ఓర్చుకోవాలి! నేను లాగాను. దగ్గు ఎక్కువైంది. హడలిపోయి మళ్లీ లోపలికి తోసేశాను. ఇంజిన్ ఆగాక లాగితే వేడెక్కడిది?

ఆర్నెల్లుగా ఇంజిన్ ఫెయిలైందనే చెబుతున్నాను. మా ఆవిడక్కూడా. ఆరోజు ఇంటికొస్తూ కారులో వీడు అడిగాడు: "ఆ నాబ్ ఏంటి బావా, లాగి మళ్లీ తోశావు?" హీటర్‌లే అన్నాను.

అది హీటర్ కాదురా.