గొలుసు ఎవరి చేతిలో ఉంది?

వాకర్స్ సంఘం మిత్రులందరికీ నమస్కారం.

వాన కురిసినా, మంచు పట్టినా ఉదయపు నడక మానని మీ ముందు నడక గురించి మాట్లాడే అర్హత నాకు లేదు. రక్తపోటు పెరిగింది, రోజూ నడవమని డాక్టరుగారు చెప్పినప్పుడు కొన్న బూట్లు రెండేళ్లపాటు మా ఇంటి అటక మీదే ఉన్నాయి. వాటిని కిందికి దింపించినది మేము చేరదీసిన వీధికుక్క చిట్టి. తెల్లవారుజామున అయిదింటికి అది గొలుసును నోట కరచుకొని వచ్చి మంచం పక్కన పడేస్తుంది; ఆ చప్పుడు విన్నాక మోకాలి నొప్పిని సాకుగా చెప్పడానికి ఎవరికైనా నోరు రాదు.

బ్రిటన్‌లోని లివర్‌పూల్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2019లో ప్రచురించిన అధ్యయనంలో, వారానికి 150 నిమిషాల వ్యాయామం పూర్తిచేసే అవకాశం కుక్కలను పెంచేవారిలో పెంచనివారికంటే సుమారు నాలుగు రెట్లు ఎక్కువని తేలింది. అయితే గొలుసు ఎవరి చేతిలో ఉందన్నదే అసలు సంగతి. కుక్కను తిప్పడానికి నెలజీతం మీద ఒక కుర్రాణ్ణి పెట్టుకొని, తాము బాల్కనీలో కూర్చుని బీపీ మాత్ర వేసుకొనే యజమానులు మన అపార్ట్‌మెంట్లలో తక్కువేమీ కాదు. అక్కడ నడక కుర్రాడికి, మాత్ర యజమానికి దక్కుతున్నాయి.

మొదటి ఇరవై నిమిషాలు మాట్లాడగలిగి, పాట పాడలేనంత వేగంతో నడవాలి. ఆ తరువాత గొలుసు వదులు చేయాలి. మొదట్లో చిట్టి ప్రతి కరెంటు స్తంభం దగ్గరా ఆగుతుంటే నేను విసుక్కొని లాగేవాణ్ణి. ఒకనాడు లాగకుండా నిలబడ్డాను. ముక్కు అదురుతుండగా అది ఒక గడ్డిపరకను మొదలు నుంచి కొస దాకా వాసన చూసి, తల ఎత్తి గాలిలో ఇంకేదో వెతికి, తిరిగి అదే పరక దగ్గరికి వచ్చింది. ముందురోజు ఆఫీసులో జరిగిన గొడవ ఆ కాసేపూ నాకు గుర్తుకు రాలేదు.

దారిలో కుక్క విసర్జించినది ఎత్తివేయడానికి వెంట పాత పేపరు ముక్కలు తప్పక ఉంచుకోవాలి. నడకదారిలో పొరపాటున కాలు వేసి మావంటివారిని తిట్టుకున్నవారు ఈ సభలోనూ ఉండవచ్చు.

ఎండాకాలంలో మాత్రం తారురోడ్డు పొద్దు గూకినా చల్లారదు. బయలుదేరేముందు చేతి వెనుక భాగాన్ని దానిమీద ఏడు సెకన్లు ఆనించి చూడండి. మీరు ఓర్చుకోలేకపోతే, చెప్పులు లేని ఆ పాదాలను ఇంకో గంట ఇంట్లోనే ఉంచండి.