ఎర్తు తీగ విప్పితే బండి ఏం మరిచిపోతుంది?

అన్నలకూ తమ్ముళ్లకూ నమస్కారం. ఆదివారం షెడ్లు మూసుకుని అనంతపురం దాకా వచ్చారు, కాబట్టి నేరుగా విషయానికి వస్తాను. మన ఎండలకు బ్యాటరీలు తొందరగా చస్తాయి. అందుకే బ్యాటరీ ఎర్తు తీగ, అంటే నెగటివ్ తీగ, విప్పే పని మన చేతికి ఎక్కువగా పడుతుంది.

ముందు నా తప్పు చెప్పుకుంటాను. బండి నడుస్తుండగానే బ్యాటరీ తీగ పీకి, ఇంజన్ ఆగకపోతే డైనమో బాగుందనేవాళ్లం. అంబాసిడర్ల కాలంలో మా గురువు నేర్పిన పద్ధతి అది. అదే పని ఒక కొత్త కారు మీద చేసి ఈసీఎం, అంటే ఇంజన్‌ను నడిపే కంప్యూటర్, కాల్చుకున్నాను. ఆ డబ్బు నా జేబులోంచే కట్టాను. బ్యాటరీ కరెంటు దాచడమే కాదు, కరెంటు పుట్టించే ఆల్టర్నేటర్ ఒడిదుడుకుల్ని కూడా మింగుతుంది. అది ఉన్నట్టుండి తప్పుకుంటే 14 వోల్టుల దగ్గర ఉండాల్సింది రెప్పపాటులో 40 దాటి కూడా ఎగరవచ్చు. అంబాసిడర్‌లో అయితే ఓ బల్బు పోయేది, అంతే. మీటరు పెట్టి చూడండి. ఇంజన్ ఆపి ఉంటే 12.6, నడుస్తుంటే 13.8 నుంచి 14.4 రావాలి. తీగ పీకాల్సిన పనే లేదు.

ఇంజన్ ఆపాక విప్పేటప్పుడు ఎర్తు ముందు, బిగించేటప్పుడు ఎర్తు చివర. పానా బాడీకి తగిలినా మెరుపులు రావు. ఇది మీకు తెలిసిందే. ఎయిర్‌బ్యాగు తీగల జోలికి పోయేవాళ్లు మాత్రం తీగ విప్పాక కొన్ని నిమిషాలు ఆగాలి. లోపలి కెపాసిటర్‌లో కరెంటు ఇంకా మిగిలే ఉంటుంది.

గడియారం, రేడియో స్టేషన్లు పోతే పోనీ. అద్దం ఒక్క నొక్కుతో పైకి పోవడం మానేస్తే, పూర్తిగా దించి, ఎత్తి, బటన్ కొన్ని సెకన్లు పట్టుకోండి. చాలా బండ్లలో మళ్లీ నేర్చుకుంటుంది. అసలు గొడవ ఐడిలింగ్‌తో, అంటే రేసు ఇవ్వనప్పుడు ఇంజన్ తిరిగే తీరుతో. ఇంజన్‌లోకి గాలి వదిలే థ్రాటిల్‌లో మసి ఎంత పట్టిందో చూసుకుని, దానికి తగ్గట్టు గాలి, పెట్రోలు సర్దుకోవడం ఈసీఎం నెలల తరబడి నేర్చుకుని ఉంటుంది. కొన్ని బండ్లలో తీగ తీయగానే అదంతా పోతుంది. సాయంత్రానికి ఓనరు వచ్చి "నువ్వు చెయ్యి పెట్టినాకే రేసు పడిపోతాంది" అంటాడు. కొన్నాళ్లు నడిపితే సర్దుకుంటుందని బండి ఇచ్చేటప్పుడే చెప్పండి. తర్వాత చెబితే సాకులా ఉంటుంది.

ఇంజన్‌లో తప్పుంటే వెలిగే చెక్ లైటు ఆర్పడానికి తీగ విప్పేవాళ్లంటే నాకు కోపం. లైటుతో పాటు తప్పు ఎప్పుడు, ఏ వేగంలో వచ్చిందన్న రికార్డు కూడా పోవచ్చు. కేసు డైరీ చింపేసి దొంగను పట్టుకోమన్నట్టు! స్కానర్‌తో కోడ్ చదివి, రాసుకుని, ఆ తర్వాతే విప్పండి.

తాడిపత్రి నుంచి వచ్చినవాళ్లకు ఒక మాట. 2020 ఏప్రిల్ నుంచి వచ్చిన బీఎస్ 6 (కాలుష్య నిబంధన) లారీల్లో పొగను శుభ్రం చేయడానికి యూరియా ద్రావణం వాడేవి ఉన్నాయి. తాళం తీశాక కూడా ఒక పంపు పైపుల్లోని యూరియాను ట్యాంకులోకి వెనక్కి లాగుతుంది. డ్రైవరు దిగుతూనే బ్యాటరీ కటాఫ్ స్విచ్ తిప్పేస్తే అది మధ్యలోనే ఆగిపోతుంది. మిగిలిన యూరియా వేడికి ఎండి ఉప్పులా గడ్డకట్టి నాజిల్ మూసుకుపోతుంది.

బయట చెట్టు కింద ఒక లారీ నిలిపాం. తాళం తీశాక ఆ పంపు శబ్దం ఎంతసేపు వస్తుందో మీ ఫోన్లలో టైము పెట్టుకుని వినండి. రండి, పోదాం.