గంటకు ఎన్ని లీటర్లు? చెరువులో స్పీడ్‌బోటు, చేతిలో నోట్‌బుక్

హోస్ట్: నమస్తే అందరికీ. హనుమకొండ నుంచి మాట్లాడుతున్నాం. రికార్డింగ్ కోసం ఫ్యాన్ ఆపేశాం, చెమట తుడుచుకునే చప్పుడు వినిపిస్తే ఏమీ అనుకోకండి. ఈరోజు నా పక్కన ఒక అన్న ఉన్నాడు. పేరు వద్దన్నాడు. ములుగు వైపు ఒక చెరువులో చిన్న స్పీడ్‌బోటు నడుపుతాడు. అంతకుముందు చాలా ఏళ్లు ట్రాక్టర్లు, బోరు మోటార్లు బాగుచేశాడు. అన్నా, మొదటి నెలే నష్టపోయావట?

అన్న: మొదటి ఆదివారమే పోయింది తమ్మీ. ఆ సంగతి నాకు తెలిసేసరికి నెలయింది.

హోస్ట్: [నవ్వు] లెక్క ఎక్కడ తప్పింది?

అన్న: లీటరుకు ఎన్ని కిలోమీటర్లు వస్తుందని అడిగాను చూడు, అక్కడే. 16 అడుగుల ఫైబర్ బోటు, వెనకాల 40 హార్స్‌పవర్ టూ-స్ట్రోక్ ఇంజిన్, అంటే పెట్రోల్‌లోనే ఆయిల్ కలిపి పోసే రకం. రెండూ సెకండ్ హ్యాండే. లీటరుకు మూడున్నర, నాలుగు వస్తుందన్నాడు అమ్మినాయన. నేను చెరువులో ఒక రౌండు 3 కిలోమీటర్లు అనుకున్నాను. అంటే లీటరు కూడా పట్టదు. అప్పుడు పెట్రోల్ మన దగ్గర 107 పైనే ఉండేది, 110 వేసుకున్నా రౌండుకు వంద లోపే. మనిషికి 50 చొప్పున నలుగురికి 200. సగం మిగులుతుందని ఇంట్లో చెప్పేశాను కూడా.

హోస్ట్: బైక్ కొన్నా కారు కొన్నా అందరం అడిగేది మైలేజే కదా అన్నా.

అన్న: ట్రాక్టర్‌కు అడుగుతామా? దున్నకానికి గంటకు ఇంత అని మాట్లాడుకుంటాం. డీజిల్ కూడా గంటకు ఎంత తాగుతుందనే చూస్తాం. కల్టివేటర్ మట్టిలో దిగి ఉన్నంతసేపూ ఇంజిన్ మీద బరువు ఉంటుంది కాబట్టి. బోటు కూడా అలాంటిదే, నీళ్లను దున్నుకుంటూ పోతుంది. బైక్ అయితే వేగం అందుకున్నాక చెయ్యి తీసినా ఎంతో దూరం దొర్లుతుంది. బోటులో చెయ్యి తీస్తే నాలుగు పడవల దూరం కూడా పోదు, నీళ్లు పట్టేస్తాయి. ఇన్నేళ్లు ట్రాక్టర్ల కింద పడుకున్న నాకే ఆ మాట తట్టలేదు.

హోస్ట్: సరే, కొత్తవాళ్లకు అర్థమయ్యేలా చెప్పు. బోటు కొనకముందే లెక్క ఎలా వేయాలి?

అన్న: ఇంజిన్ మీద రాసి ఉన్న హార్స్‌పవర్ చూడు. ఫోర్-స్ట్రోక్, అంటే ఆయిల్ విడిగా ఉండే రకం అయితే అందులో మూడో వంతు. పూర్తి థ్రాటిల్ మీద, అంటే యాక్సిలరేటర్ మొత్తం ఇస్తే, గంటకు అన్ని లీటర్లు తాగుతుంది. 40 హార్స్‌పవర్‌కు 13 లీటర్లు. నాది పాత కార్బొరేటర్ టూ-స్ట్రోక్, కాబట్టి 40 శాతం వేసుకోవాలి. 16 లీటర్లు.

హోస్ట్: ఈ మూడో వంతు ఎక్కడి నుంచి వచ్చింది?

అన్న: పెట్రోల్ ఇంజిన్ ఒక హార్స్‌పవర్‌ను గంటసేపు ఇవ్వాలంటే దాదాపు పావు కిలో పెట్రోల్ కాలాలి. కొంచెం అటూ ఇటూ. లీటరు పెట్రోల్ బరువు 740 గ్రాముల చుట్టూ ఉంటుంది, నీళ్లకన్నా తేలిక. పావు కిలో అంటే లీటరులో మూడో వంతు. టూ-స్ట్రోక్‌లో కాలకుండానే కొంత పెట్రోల్ పొగతో పాటు బయటికి పోతుంది. ఆ వాసన, నీళ్ల మీద ఆ రంగుల తెట్టె, అదంతా మన డబ్బే.

హోస్ట్: మరి నీ రౌండుకు నిజంగా ఎంతయింది?

అన్న: లైఫ్ జాకెట్లు వేసి ఎక్కించి, ఒడ్డు నుంచి మెల్లగా బయటికి తీసి, మళ్లీ మెల్లగా తెచ్చి కట్టేసేదాకా 10 నిమిషాలు. అందులో సగం జోరు మీద. 5 నిమిషాలు 16 లీటర్ల లెక్కన 1.3 లీటర్లు. మిగతా 5 నిమిషాలు ఇంజిన్ ఊరికే గుడగుడలాడుతుంది, అది ఇంకో 150 మిల్లీ. మొత్తం లీటరున్నర అనుకో, 165 రూపాయలు. దాంట్లో కలిపే ఆయిల్ 50కి 1, అంటే లీటరుకు 20 మిల్లీ. రౌండుకు 30 మిల్లీ, ఆయిల్ లీటరు 500 వేసుకుంటే 15 రూపాయలు. ఎంతయింది?

హోస్ట్: 180. టికెట్ల మీద వచ్చేది 200.

అన్న: ఆ 20లో డ్రైవరు, లైఫ్ జాకెట్లు, రిపేర్లు, నేను. ఇద్దరే ఎక్కితే చేతి నుంచి 80. పిల్లలు ఏడుస్తుంటే ఇద్దరైనా తిప్పేవాణ్ని. ఆదివారం ఎంతమంది వస్తే అంత సంతోషం అనుకునేవాణ్ని కదా, ఇద్దరిద్దరు చొప్పున వస్తే ఎంతమంది వస్తే అంత నష్టం.

హోస్ట్: అంటే అమ్మినాయన మోసం చేశాడా?

అన్న: లేదు తమ్మీ. ఆయన చెప్పింది తిన్నగా, ఒకే వేగంతో పోతే వచ్చే లెక్క. నా పని తిన్నగా పోవడం కాదు. బయలుదేరు, పైకి లేపు, రెండు మలుపులు కొట్టు, ఆపు. లేచేటప్పుడే ఎక్కువ తాగుతుంది.

హోస్ట్: లేవడం అంటే?

అన్న: ఇది చాలామందికి తెలియదు. మెల్లగా పోతున్నప్పుడు బోటు నీళ్లను చీల్చుకుని పోతుంది. ఆ పద్ధతిలో ఎంత వేగం వెళ్లగలదో బోటు పొడవే చెబుతుంది. 16 అడుగుల బోటుకు గంటకు 10 కిలోమీటర్లు. అది దాటించాలని థ్రాటిల్ ఇస్తే ముక్కు పైకి లేస్తుంది, తోక కూరుకుపోతుంది. తను లేపిన అలనే తను ఎక్కలేక అవస్థ పడుతుంది. ఇంకా గట్టిగా ఇస్తే అల ఎక్కేసి, నీళ్ల పైన పరుచుకుని పరుగెడుతుంది. అప్పుడు నీళ్లు పట్టుకునేది తక్కువ.

హోస్ట్: అంటే మధ్యలో ఉండకూడదు.

అన్న: నా నోట్‌బుక్‌లో ఉంది, చదువుతాను. 9 కిలోమీటర్ల వేగం, గంటకు 3 లీటర్లు. 18 కిలోమీటర్ల వేగం, ముక్కు పైకి లేచి ఉంది, గంటకు 10 లీటర్లు. 38 కిలోమీటర్ల వేగం, గంటకు 11 లీటర్లు. చూశావా? వేగం రెట్టింపుకన్నా ఎక్కువైంది, పెట్రోల్ ఒక్క లీటరే పెరిగింది. మా డ్రైవర్ పిల్లవాడు పెట్రోల్ ఆదా చేస్తున్నానని ఆ 18 మీదే నడిపేవాడు, పాపం. వాణ్ని తిట్టాను. తర్వాత నాకూ తెలియదు కదా అని గుర్తొచ్చి చాయ్ తాగించాను.

హోస్ట్: మరి 38 దాటి పూర్తిగా ఇస్తే?

అన్న: మళ్లీ ఖర్చు ఎగబాకుతుంది. ప్రొపెల్లర్ తిప్పే శక్తి ఆర్‌పీఎంకు, అంటే నిమిషానికి తిరిగే చుట్లకు, ఘనం లెక్కన పెరుగుతుంది. చిన్నప్పుడు బడిలో చేసిన ఘనాలే. ఒకసారి బోటు పైకి లేచాక ఆర్‌పీఎం అయిదో వంతు తగ్గించు, ఇంజిన్ మీద బరువు ఇంచుమించు సగానికి పడుతుంది. ఎక్కినవాళ్లకు తేడా తెలియదు, ముఖాన నీళ్లు పడితే చాలు వాళ్లకు.

హోస్ట్: ఈ లీటర్లు ఎలా కొలిచావు? మీటరు పెట్టించావా?

అన్న: మీటరుకు పైసలెక్కడివి? కిరాణా కొట్టు నుంచి వేలాడదీసే ఎలక్ట్రానిక్ కాంటా తెచ్చాను. బోటు ట్యాంకు విడిగా ఉంటుంది, పైపు ఊడదీయొచ్చు. బయలుదేరే ముందు తూచాను, గడియారం చూసి ఒకే వేగంతో అరగంట తిప్పాను, మళ్లీ తూచాను. తగ్గిన ప్రతి 740 గ్రాములకు ఒక లీటరు. ఫోన్‌లో జీపీఎస్ వేగం చూపిస్తుంది. ఒక్కో వేగానికి రెండేసి సార్లు, గాలికి ఎదురు ఒకసారి, గాలి వెంట ఒకసారి. మా ఆవిడ ఒడ్డున కూర్చుని రాసింది. పెట్రోల్ మిగల్చడానికి పెట్రోల్ పోస్తున్నావని నవ్వింది కానీ, ఆ రెండు రోజుల్లో పోయిన పెట్రోల్ నెలలో తిరిగొచ్చింది.

హోస్ట్: చెరువు కాబట్టి సరే. గోదావరిలో అయితే?

అన్న: అక్కడ కిలోమీటర్ల లెక్క అసలే పనికిరాదు. ఏటూరునాగారం, మంగపేట దగ్గర నీళ్లు గంటకు 5 కిలోమీటర్లు పారుతున్నాయనుకో, నీ బోటు వేగం 20. ఎదురెక్కితే 15, వాలున 25. సగటు 20 కదా అనిపిస్తుంది. 15 కిలోమీటర్లు ఎదురెక్కడానికి గంట, రావడానికి 36 నిమిషాలు. నిలకడ నీళ్లలో గంటన్నరలో అయ్యేది. ఆరు నిమిషాలు ఎక్కువ కాలుతుంది. పారుదల పెరిగే కొద్దీ తేడా ఇంకా పెరుగుతుంది. అందుకే నదిలోకి వెళ్లేవాళ్లు ట్యాంకును మూడు వంతులు చేసుకోవాలి. పోవడానికి ఒకటి, రావడానికి ఒకటి, ముట్టుకోకుండా ఒకటి.

హోస్ట్: ఖర్చు మనకు తెలియకుండా పెరిగేది ఎక్కడ?

అన్న: బోటు అడుగున నిలిచే వాననీళ్లు. లీటరు నీళ్లు కిలో బరువు, 60 లీటర్లు నిలిస్తే టికెట్ కొనని మనిషి ఒకడు ఎక్కినట్టే. బయట అడుగుకు పట్టే పాచి ఒకటి. ప్రొపెల్లర్ ఒకటి. మన చెరువుల్లో వేసవికి మోళ్లు బయటపడతాయి, ఒక రెక్క వంగినా ఇంజిన్ అరుస్తుంది, బోటు పోదు. గుర్రపు డెక్క చుట్టుకుంటే ఇక చెప్పక్కర్లేదు.

హోస్ట్: బంకు పెట్రోల్‌లో ఇథనాల్ సంగతి?

అన్న: ఇప్పుడు వచ్చేది 20 శాతం కలిసినది. ఇథనాల్‌లో వేడి పెట్రోల్‌కన్నా మూడో వంతు తక్కువ. అందుకే లెక్కలో ఆరేడు శాతం అదనంగా వేసుకో. అంతకన్నా భయం తేమది. ఇథనాల్ తేమను పీలుస్తుంది, నీళ్లు ఎక్కువైతే విడిపోయి ట్యాంకు అడుగుకు దిగుతుంది. టూ-స్ట్రోక్‌లో ఆయిల్ పెట్రోల్‌తోనే పైన ఉండిపోతుంది, ఇంజిన్‌కు ముందు వెళ్లేది ఆ అడుగు నీళ్లే. పిస్టన్ పట్టేస్తుంది. వానాకాలంలో ట్యాంకులో నెలల తరబడి ఉంచొద్దు. వారానికి సరిపడా తెచ్చుకోవాలి.

హోస్ట్: తెచ్చుకోవడానికి రూల్స్ ఏమైనా?

అన్న: లైసెన్స్ లేకుండా 30 లీటర్లకు మించి దగ్గర పెట్టుకోకూడదు. మెటల్ క్యాన్‌లోనే తెస్తాను. నింపడం మాత్రం ట్యాంకు ఒడ్డుకు దించాకే. పెట్రోల్ ఆవిరి గాలికన్నా బరువు, బోటు అడుగునే కూర్చుంటుంది, నిప్పురవ్వ చాలు. ఇంకోటి, బంకుకు పోయి వచ్చే బైక్ పెట్రోల్ కూడా నోట్‌బుక్‌లో రాయి. నేను ఆరు నెలలు రాయలేదు.

హోస్ట్: ఇప్పుడు టికెట్ ఎంత?

అన్న: మనిషికి కాదు, బోటుకు. 400. ఇద్దరొచ్చినా నలుగురొచ్చినా అంతే. మొదట్లో గొణిగారు. లక్నవరం చెరువు చూడ్డానికి పోయే జనం మేడారం జాతర రోజుల్లో ఇటు కూడా వస్తారు, అప్పుడు ఎవరూ గొణగరు.

హోస్ట్: చివరిగా ఒకటి, చాలామంది అడిగారు. ఫోర్-స్ట్రోక్ ఇంజిన్‌కు మారితే లాభమేనా?

అన్న: లీటర్లలో లాభమే. నా వాడకానికి పెట్రోల్, ఆయిల్ కలిపి గంటకు 400 దాకా మిగులుతుంది. పాతది ఇచ్చేసి మంచి ఫోర్-స్ట్రోక్ తెచ్చుకోవాలంటే నేను పెట్టాల్సింది లక్షా అరవై వేలు అనుకో. భాగించు.

హోస్ట్: 400 గంటలు.

అన్న: పోయిన ఏడాది ఇంజిన్ తిరిగింది మొత్తం 160 గంటలు. నోట్‌బుక్‌లో ఉంది.

హోస్ట్: అంటే రెండున్నరేళ్లు పడుతుంది.

అన్న: అంతలోపు ఈ పాతది ఊరుకుంటే కదా.