పోల్ వాల్టర్‌ని ఓడిస్తున్నది లగేజీ కౌంటరే!

నమస్తే అన్నా, నమస్తే అక్కా. పోల్ వాల్ట్ అంటే పొడుగాటి కర్ర, అదే పోల్, ఊతం పెట్టుకుని ఎత్తున పెట్టిన బార్ మీంచి దూకే ఆట. ముంబై దగ్గర పన్వేల్ స్టేషన్లో వాల్టర్ల గొడవ చూశారు గదా? 2026 జనవరిలో మంగళూరు యూనివర్సిటీ పోటీల నుంచి భోపాల్ పోతున్న దేవ్ మీనాని, ఇంకో వాల్టర్‌ని, పోల్స్ పొడుగ్గా ఉన్నాయని రైలు దింపేశారు. గంటల తరబడి ప్లాట్‌ఫారం మీద కూర్చోబెట్టారు. ఎవరీ దేవ్ మీనా? 2025లో డెహ్రాడూన్ జాతీయ క్రీడల్లో 5.32 మీటర్లు దూకి దేశం రికార్డు తిరగరాసినోడు! అంతటోడికే ఆ గతి పట్టింది.

అందరూ టీటీఈని తిట్టారు. నేను తిట్టను. రైల్లో మన వెంట తీసుకెళ్ళే పెట్టె కొలత ఎంతో తెలుసా? పొడుగు 100 సెంటీమీటర్లు, వెడల్పు 60, మందం 25. వాల్టర్ పోల్ ఏమో దాదాపు 5 మీటర్లు. రూల్ టీటీఈ వైపే ఉంది! ఈ ఆట ఒకటి ఉందనే సంగతి గుర్తుపెట్టుకుని ఆ రూల్ రాసినోడు ఎవడూ లేడు. నా మంట అక్కడ. అందుకే చెప్తున్నా, మళ్ళీ మళ్ళీ చెప్తా: మన పోల్ వాల్టర్‌ని ఓడిస్తున్నది లగేజీ కౌంటరే. బార్ దాకా పోనిస్తే గదా బార్ ఓడించేది!

సరే, మన నెల్లూరు కుర్రాడే ఒకడు విదేశంలో పోటీకి సెలెక్ట్ అయ్యాడనుకోండి. నెల్లూరు ఏసీ సుబ్బారెడ్డి స్టేడియంలో పొద్దున్నే పరుగు, జిమ్, తాడు ఎక్కడం, బార్‌కి తలకిందులుగా వేలాడటం, అన్నీ చేశాడు. పాస్‌పోర్ట్ వచ్చింది, వీసా వచ్చింది. ఇప్పుడు పోల్స్ పోవాలి. నెల్లూరులో విమానాశ్రయం లేదు, ఒంగోల్లో లేదు. చెన్నై పోవాల్సిందే, నెల్లూరు నుంచి సుమారు 175 కిలోమీటర్లు. రైలు సంగతి పన్వేల్లోనే చూశాం. ఆర్టీసీ బస్సులో 5 మీటర్ల కర్రలు పెట్టుకుంటానంటే కండక్టర్ మనల్ని కూడా దించుతాడు. ఇక మిగిలింది స్టోన్‌హౌస్‌పేటలో ఇనుప కడ్డీలు వేసుకుని తిరిగే ట్రాలీ ఆటో. వెనక ఎర్రగుడ్డ కట్టుకుని, భారతదేశం తరఫున ఆడబోయే కుర్రాడు ట్రంక్ రోడ్డు మీద అట్లా పోవాలి! ఇదా మనం ఇచ్చే గౌరవం?

"ఒక్క పోల్ తీసుకెళ్తే పోలా అన్నా" అని కామెంట్ వస్తుంది, నాకు తెలుసు. పోదు తమ్ముడూ! వాల్టర్‌కి వరసగా కొన్ని పోల్స్ ఉండాలి, ఒకదాని కంటే ఒకటి గట్టిగా. పోల్‌ని రెండు వైపులా ఆనించి, మధ్యలో 50 పౌండ్లు, అంటే దాదాపు 22.7 కిలోల బరువు వేలాడదీసి, ఎన్ని సెంటీమీటర్లు వంగిందో చూస్తారు. దాన్నే ఫ్లెక్స్ నంబర్ అంటారు. నంబర్ తగ్గేకొద్దీ పోల్ గట్టిది. ఎదురుగాలి వస్తే పరుగు తగ్గుద్ది, మెత్తటి పోల్ కావాలి. వెనకగాలి తోస్తే గట్టిది తీయాలి. బార్ పైకి పోయేకొద్దీ కూడా గట్టిదే. అక్కడి గాలి ఎట్లా ఉంటదో నెల్లూరులో కూర్చుని ఎవరు చెప్తారు? అందుకే మొత్తం కట్ట మోసుకుపోవాలి.

ఇంకో తమాషా ఉంది. పోల్ మీద వాల్టర్ బరువు కూడా రాసుంటది, ఇంత బరువు మనిషికి ఈ పోల్ అని. పోటీకి ముందు ఇంటికొచ్చి, వాళ్ళమ్మ చేతి చేపల పులుసు, మామిడికాయ ముక్కలేసి పెట్టింది, రెండో రోజు పాతబడ్డ పులుసు మరీ బాగుంటది, కుమ్మేశాడనుకోండి. మూడు కిలోలు పెరిగాడా, కట్టలో మెత్తటి పోల్ ఇక వాడికి పనికిరాదు. తిండిలో కూడా టెన్షనే పాపం! క్రికెటర్‌కి ఈ బాధ ఉందా?

చెన్నై చేరాడు. అక్కడ అసలు సినిమా మొదలు. ఏ విమానం వేస్తారు, దాని కింద సామాన్ల అరలో 5 మీటర్ల వస్తువు పడుతుందా అని ముందే కనుక్కోవాలి. మొదటి విమానం పెద్దది, మధ్యలో మారేది చిన్నది అయిందా, కర్రలు అక్కడే ఆగిపోతాయి. పోనీ ఎక్కించారు, విసిరేస్తే? ఫైబర్ పోల్‌కి చిన్న గాటు పడినా చాలు, వంగినప్పుడు అక్కడే టక్కున విరగొచ్చు. కుర్రాడు అప్పుడు గాల్లో ఉంటాడు! అందుకే స్పాంజి చుట్టి, పీవీసీ పైపుల్లో దూర్చి, మూతలు బిగించి పంపుతారు. ఇంత తతంగం కోచ్ నేర్పడు, వాడే నేర్చుకోవాలి.

అతి చేస్తున్నానా? 2008 బీజింగ్ ఒలింపిక్స్ ఫైనల్. బ్రెజిల్ అమ్మాయి ఫాబియానా మ్యూరర్ దూకాల్సిన టైంకి ఆమె పోల్ కనపడలేదు. స్టేడియంలోనే! ఆ అమ్మాయి పోటీ ఆపి పోల్ కోసం వెతుక్కుంది. అదే మ్యూరర్ 2011లో డేగులో ప్రపంచ చాంపియన్ అయింది. అంటే ఆమెకి దూకడం రాదా? వచ్చు! కర్ర దొరకలేదు, అంతే! ఒలింపిక్స్‌లోనే ఇట్లా జరిగితే మనోడి గతేంటి?

పక్కోడి పోల్ అడుక్కోవచ్చు, యజమాని ఒప్పుకుంటే రూల్ ఒప్పుకుంటది. కానీ ఆ పోల్ వాడి బరువుకి, వాడి పరుగుకి ఎంచుకున్నది. దాంతో ఫైనల్లో దూకమంటే?

ఇప్పుడు నా థియరీ వినండి, నచ్చకపోతే తిట్టండి. 2014లో సురేఖ 4.15 మీటర్లు దూకి మహిళల జాతీయ రికార్డు పెట్టింది. 2022 జాతీయ క్రీడల్లో రోజీ మీనా 4.20తో దాన్ని దాటింది. ఇద్దరూ తమిళనాడు అమ్మాయిలే. తడ దాటితే తమిళనాడే గదా, మనకీ వాళ్ళకీ ఒంట్లో తేడా ఏముంది? ప్రాక్టీస్ పిట్, పోల్స్, పెద్ద విమానాశ్రయం వాళ్ళకి ఒక్క ఊళ్ళోనే ఉన్నాయి. కోచింగ్ తేడా ఉంది కదా అంటారా? ఉండొచ్చు. కోచ్‌నైనా బస్సెక్కించి తెచ్చుకోవచ్చు, పోల్‌ని తేలేం!

1942లో వార్మర్‌డామ్ అనే అమెరికా ఆయన వెదురు కర్రతో 4.77 మీటర్లు దూకాడు. వెదురు! నల్లమల నిండా ఉండేదే. అయినా మన పిల్లలు ఆ ఎత్తుకి ఎందుకు పోలేదు అని మీరడగొద్దు, ఎందుకంటే వెదురు కర్రని కూడా మార్కాపురం నుంచి ఒంగోలు బస్సెక్కించనివ్వరు!

నేను అడిగేది పెద్దదేం కాదు. రైల్లో పోల్స్‌కి బ్రేక్ వ్యాన్‌లో, అంటే సామాన్లు వేసే బోగీలో చోటు, టికెట్‌తో పాటే రాసిచ్చే కాగితం. చెన్నైలో మన జిల్లాల వాల్టర్ల కోసం వేర్వేరు ఫ్లెక్స్‌లున్న ఒక సెట్. విదేశం పోయేటప్పుడు టీమ్ మేనేజర్ చేతిలో ముందే విమానం వాళ్ళు రాసిచ్చిన ఒప్పుకోలు. ఈ మూడింటికీ ఒలింపిక్ స్థాయి బడ్జెట్ కావాలా చెప్పండి?

చెన్నై కార్గోలో పనిచేసే నెల్లూరోళ్ళు, ఒంగోలోళ్ళు చాలామంది ఈ చానల్ చూస్తారు. 5 మీటర్ల కట్టని ఏ విమానంలో ఎక్కిస్తున్నారు, ఎంత కట్టించుకుంటున్నారు, రసీదు ఎట్లా ఇస్తున్నారు, కింద కామెంట్లో రాయండి. అవన్నీ పిన్ చేస్తా.